అరణంగా వచ్చిన మల్లి

సింగపూర్‌లో, యీషున్ పేటలో ఒక బ్లాకు కింద, నీలం గుడారం పక్కన, చావింటికి దారి చూపే బోర్డు మీద నా పేరు చూశాను. సుభద్ర. ఇంగ్లీషు అక్షరాల్లో పెద్దగా, కింద తమిళంలో చిన్నగా. ఈ వయసులో ఎవరైనా తమ పేరును అలాంటి బోర్డు మీద చూసుకుంటే కాళ్ళు తడబడడం సహజమే గాని, మా ఇంటివాళ్ళకు నలుగురిలో తడబడే అలవాటు లేదు. తిన్నగా నిలబడి, ఫోనులో రాసుకున్న బ్లాకు నంబరు మళ్ళీ చూసుకున్నాను. నంబరు అదే. పేరే కుదరలేదు. నేను చూడవచ్చింది మల్లిని. ముందురోజు ఫోను చేసినావిడ ఆ పేరే చెప్పింది: "ఆంటీ, మీరు తంజోంగ్ పగార్‌లో ఉండిన హార్బర్ క్లర్క్ సార్ డాటరా? తెలుగువాళ్ళ సంఘంలో మీ నంబరిచ్చారు. మా అమ్మ పోయింది. మీ ఇంట్లో ఉండేదట. మల్లి అంటే మీకు తెలుసట." మరి ఈ బోర్డు వేరెవరిదో అనుకుని, ఆ బ్లాకు చుట్టూ ఒకసారి, పక్క బ్లాకు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చాను. రాతి బల్ల దగ్గర చదరంగం ఆడుతున్న చీనా ముసలాయన తల ఎత్తకుండానే, ఈ ఊరివాళ్ళు మాటకు తోకలా తగిలించే 'లా' తో అన్నాడు: "ఇండియన్ ఫ్యూనరల్ ఆ? హియర్ లా, ఆంటీ. టుడే ఓన్లీ వన్."

గుడారంలోంచి అరవై దాటినావిడ ఒకామె వచ్చి నా చెయ్యి పట్టుకుంది. ఫోను చేసింది ఆమే. పేరు కమల, మల్లి కూతురు, ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైంది. "బోర్డు మీద పేరు వేరేలా ఉందమ్మా," అన్నాను. "లేదే ఆంటీ, అమ్మ పేరే. ఐసీ, ఐడెంటిటీ కార్డులో కూడా అదే. మల్లి అన్నది మీ ఇంట్లో పెట్టింది కదా. అలా చెప్తేనే మీకు తెలుస్తుందని అమ్మే ఎప్పుడో చెప్పింది." నా చెయ్యి వదలకుండానే, "మీ పేరేంటి ఆంటీ?" అంది. చెప్పాను. "సేమ్ నేమ్ ఆ?" అని నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసింది. ఇంకేదో అడగబోయింది గాని, లోపలినుంచి పురోహితుడు పిలిచాడు.

పెట్టెలో మల్లి ముఖం గుప్పెడంత అయిపోయి ఉంది. నేను చివరిసారి చూసినప్పుడు ఆమెకు పాతికేళ్ళు కూడా ఉండవు. నల్లగా, నిటారుగా, నుదుటి మీద పచ్చబొట్టుతో ఉండేది. పచ్చబొట్టు ఒక్కటే మారలేదు. దానివల్లే గుర్తుపట్టాను. జనం కదులుతున్నారు, ఎవరో ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి నా వెనక వేశారు. నేను కూర్చోలేదు. ఒకే ఒక్క సంగతి నన్ను అక్కడ నిలబెట్టేసింది. నా జన్మలో నన్ను సుభద్ర అని నోరారా పిలిచింది ఈ మనిషి ఒక్కతే. ఆ పిలుపు నా మీది ప్రేమతో పిలిచిందని నేను ఇన్నేళ్ళూ బతికాను. ఇప్పుడు తెలిసింది, అది తన పేరు. పదేళ్ళ వయసులో మావాళ్ళు తన దగ్గర తీసేసుకున్న పేరు. అయితే ఆమె ఎవరిని పిలిచినట్టు?

ఇది బయటివాళ్ళకు అర్థం కావాలంటే మా ఇంటి పద్ధతులు కొంచెం చెప్పాలి. మాది విశాఖ జిల్లాలో ఒక చిన్న జమీ. రద్దయిపోయింది. పడిపోయిన కుటుంబమే గాని వంగిన కుటుంబం కాదు అని మా నాన్నగారు అనేవారు, నేనూ అంటాను. మాలాంటి ఇళ్ళలో ఆడపిల్లను అత్తవారింటికి పంపేటప్పుడు పట్టుచీరలు, వెండి కంచాలు, పందిరిమంచంతో పాటు ఒక పిల్లను కూడా పంపేవారు. దాన్ని అరణం అంటారు. ఆ పిల్ల పెళ్ళికూతురి వెంట వెళ్ళి, ఆమె తల దువ్వి, ఆమె కాళ్ళు పట్టి, ఆమె పిల్లల్ని పెంచి, అక్కడే చచ్చిపోతుంది. ఆమెకు పెళ్ళి ఉండదు. ఆమె తల్లీ అంతకుముందు ఎవరి అరణంగానో వచ్చినదే. అలా మా అమ్మ వెంట వచ్చిన పిల్ల మల్లి. మా అమ్మ కాపురానికి వెళ్ళిన ఇంట్లో అత్తగారి పేరు సుభద్రాయమ్మగారు. ఆ గుమ్మంలో ఏం జరిగిందో నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఇంటి పెద్దావిడ పేరుతో, "ఒసే, వాకిలి ఊడ్చు" అని పనిపిల్లను ఎవరు కేకెయ్యగలరు? మా ముత్తాతగారి పేరే ఉన్న తోటమాలిని బతికినంతకాలం తోటోడనే అన్నారు. పెళ్ళికూతురి జడలో మల్లెలు కనబడి ఉంటాయి. పిల్ల మల్లి అయిపోయింది.

తరువాత నేను పుట్టాను. నానమ్మ పేరు నాకు పెట్టారు. కోడలు అత్తగారి పేరు నోటితో అనకూడదు కనుక మా అమ్మ నన్ను అమ్మడూ అనేది. కొడుకు తల్లిని పేరు పెట్టి పిలవడు కనుక నాన్నగారు అమ్మా అనేవారు. బళ్ళో టీచరు హాజరు పిలిచేటప్పుడు సుబాత్రా అనేది, అది నా పేరని నాకు అనిపించేదే కాదు. ఆ పేరు సరిగ్గా, పూర్తిగా, చివరి అక్షరం దాకా పలికింది మల్లి ఒక్కతే. అదీ ఇంట్లో మరెవరూ వినని వేళల్లో. పదిమందిలో నేను ఆమెకు చిన్నమ్మగోరునే.

జమీ పోయాక నాన్నగారు ఓడల కంపెనీలో గుమాస్తా పనికి ఈ దేశం వచ్చారు. వెనకాలే మా అమ్మ, చంకలో నేను, నెత్తి మీద పెట్టెతో మల్లి. తంజోంగ్ పగార్‌లో ఒక షాప్‌హౌస్ మేడ మీద రెండు గదులు. కింద ఎండుచేపల కొట్టు. ఇప్పుడు అక్కడ కాఫీ తాగడానికి క్యూలో నిలబడే పిల్లలకు ఆ వాసన చెబితే నమ్మరు. ఎండుచేపలు, నువ్వుల నూనె, రేవు నుంచి వచ్చే బొగ్గుమసి, వాన పడితే కాలువ కంపు, వీటన్నిటి మధ్య మా అమ్మ పూజగదిలా చేసుకున్న ఒక చెక్క అలమరలోంచి సాంబ్రాణి పొగ. ఆ రెండు గదుల్లో మా అమ్మ జమీ నడిపింది. నాన్నగారు ఆఫీసు నుంచి వస్తుంటే మెట్ల మీద చెప్పుల చప్పుడు వినగానే మల్లి చెంబుతో నీళ్ళు పట్టుకుని నిలబడాలి. మెట్లు సరిగ్గా ఒక మనిషి పట్టేటంత వెడల్పే కావడంతో, నీళ్ళందించడానికి ఆమె గోడకు బల్లిలా అంటుకుపోయేది. ఆయన భోజనం చేసి లేచాక మా అమ్మ, మా అమ్మ లేచాక ఆమె తిన్న ఆకులోనే మల్లి. ఇక్కడ అరిటాకులు దొరకని రోజుల్లో కూడా పళ్ళెం కడగకుండానే మల్లి ముందుకు జరిపేది అమ్మ. అది అవమానం అనుకోవద్దు, అలా తినడం హక్కు అని మా అమ్మ నమ్మకం. "నా ఆకులో ఇంకెవరినైనా తిననిస్తానా?" అనేది.

మల్లి తినే చోటు మెట్ల పైన వసారా. ఆ వసారా పక్క గదిని కొందరు చీనా ఆయాలు కలిసి అద్దెకు తీసుకున్నారు. జన్మలో పెళ్ళి చేసుకోబోమని ఒట్టు పెట్టుకున్న ఆడవాళ్ళు, తెల్ల చొక్కా, నల్ల పైజామా, నున్నగా దువ్విన ముడి. తెల్లదొరల ఇళ్ళలో పనిచేసి, సెలవు రోజున వచ్చి అక్కడ ఉండేవారు. వాళ్ళలో పెద్దామె, మేం కక్కా, అంటే అక్కా, అనేవాళ్ళం, మల్లిని చూసిన ప్రతిసారీ మలయ్‌లో "సూదా మాకాన్?" అనేది. తిన్నావా అని. ఈ ఊళ్ళో అది ఊరికే పలకరింపు. మల్లికి మాత్రం దానికి ఏం చెప్పాలో చాలాకాలం తెలియలేదు. అమ్మగారు తిన్నారు, బాబుగారు తిన్నారు అని చేతులతో చూపించేది. కక్క నవ్వి, "వాళ్ళు కాదు, నువ్వు" అని వేలు పెట్టి మల్లి గుండె మీద పొడిచేది. మరోసారి, "నీకు సెలవెప్పుడు?" అని అడిగింది. నేనక్కడే ఉన్నాను, మలయ్ నాకు బాగా వచ్చు, నేనే తెలుగులో చెప్పాను. మల్లి ఆలోచించి, "పండక్కా?" అంది. "కాదు, ఊరికే," అన్నాను. "ఊరికే సెలవెందుకమ్మా? ఆ పూట యేటి సేస్తారు?" అంది. తమాషాకి అనలేదు. కక్కకు అది చెబితే నవ్వలేదు.

మా ఇంట్లో ఎవరూ మల్లి మీద చెయ్యి ఎత్తలేదు. ఇది నేను తల ఎత్తి చెప్పగలను. పండక్కి కొత్త చీర వచ్చేది. జ్వరం వస్తే అమ్మే మిరియాల కషాయం కాచేది. నా మంచం పక్కన చాప వేసుకుని పడుకునేది. ఆమె చెయ్యి నా మంచం పట్టీ మీద ఉండేది, నేను దాని మీద చెయ్యి వేసి పడుకునేదాన్ని. మా అమ్మ వాసన నాకు గుర్తులేదు. మల్లిది గుర్తుంది. పసుపు, వంటింటి పొగ, తడి చీర.

నాకు తొమ్మిదో ఏడు వచ్చినప్పుడు ఊరినుంచి నానమ్మ కబురు పంపింది. మా చిన్నత్త పెళ్ళి కుదిరింది. భూములు పోయాయి, వెండి అమ్ముడుపోయింది, పందిరిమంచం కూడా ఎవరో పట్టుకుపోయారు. అరణం లేకుండా మా ఇంటి ఆడపిల్ల గడప దాటకూడదు. మిగిలింది మల్లి ఒక్కతే. ఆమెను పంపించమని. మా అమ్మకు అది అభ్యంతరంగా తోచలేదు. తనకు కష్టమే గాని, పరువు మాట కదా. మధ్యాహ్నం చేటలో బియ్యం ఏరుతున్న మల్లితో, "పై నెల ఓడలో ఊరెళ్తున్నావే. మా ఆడపడుచు అరణానికి," అంది. మల్లి "సిత్తం" అంది. రాళ్ళు ఏరుతూనే ఉంది. "చూశారా, ఎంత బుద్ధిమంతురాలో," అని ఆ సాయంత్రం అమ్మ నాన్నగారితో మురిసిపోయింది. నేను మాత్రం అన్నం మానేశాను. మల్లే బతిమాలి తినిపించింది. "మళ్ళీ వస్తావా?" అంటే చెప్పలేదు. "ఓడ పెద్దదా?" అంటే, "ఏమో తల్లీ, వచ్చినప్పుడు సూడలేదు, నిన్నే సూసుకున్నాను," అంది.

ఓడ రోజున నాన్నగారు కోటు వేసుకున్నారు. రేవుకు మా ఇంటినుంచి నడిచి వెళ్ళేటంత దూరమే. ముందు ఆయన, వెనక నేను, నా వెనక నెత్తి మీద ట్రంకు పెట్టెతో మల్లి. పెట్టెలో అత్తకు మా అమ్మ పంపుతున్న చీరలు, ఇక్కడి సెంటు సీసాలు. అటు వెళ్ళే ఒక కుటుంబానికి మల్లిని అప్పగించాలి. రేవు గేటు దగ్గర జనం, చెమట, గోనె సంచుల దుమ్ము. అక్కడికి వచ్చాక మల్లి పెట్టె దించింది. బరువుకు దించిందనుకున్నాం.

"నాను రాను బాబుగోరూ," అంది.

నాన్నగారికి వినపడలేదేమో, "ఏమిటీ?" అన్నారు.

"ఓడెక్కను."

"ఎందుకెక్కవు?"

"ఎక్కను."

ఎప్పుడూ చేతులు కట్టుకుని, తల వంచుకుని నిలబడే మనిషి. ఆ రోజు చేతులు రెండూ పక్కలకు వదిలేసి నిలబడింది. అంతకు మించి ఏమీ చెయ్యలేదు. అది చూసే నాకు భయం వేసింది. రోడ్డు అవతల కక్క గొడుగు వేసుకుని నిలబడి ఉంది, ఆమె పక్కన భుజాన గోనె పట్టా వేసుకున్న ఒక రేవు కూలీ. తెలుగువాడే. పాతకాలంలో రబ్బరు తోటలకు వచ్చినవాళ్ళ మనవడు, వీధి కుళాయి దగ్గర మల్లికి బిందెలు ఎత్తేవాడని తరువాత తెలిసింది. నాన్నగారు వాళ్ళను చూశారు. ఆఫీసువాళ్ళు తనను చూడడమూ చూశారు. అరవడం మా వంశంలో లేదు. ఇక్కడి పోలీసును పిలిచి ఈ మనిషి నాది అని చెప్పడానికి ఏ చట్టమూ లేదు, అది ఆయనకు తెలుసు. ఒక్క నిమిషం నిలబడి, ఎవరితోనూ కాదన్నట్టు, "వెరీ వెల్," అన్నారు. వంగి, ఆ ట్రంకు పెట్టె తానే ఎత్తి భుజాన పెట్టుకున్నారు. ఆయన బరువు మోయగా చూడడం నాకు అదే మొదలు.

మల్లి నా వైపు చూసింది. పిలుస్తుందనుకున్నాను. ఆ ఒక్కసారి అందరూ వినేలా పిలుస్తుందని నిలబడ్డాను. పిలవలేదు. రోడ్డు దాటింది. కక్క గొడుగు ఆమె మీదికి జరిపింది. నాన్నగారు ఏడవలేదు కనుక నేనూ ఏడవకుండా ఇంటికి నడిచాను. మెట్లు ఎక్కుతుంటే పెట్టె గోడలకు తగిలి సున్నం రాలింది.

మా అమ్మ ఆ రోజంతా ఒకే మాట అంది. "కూతురిలా చూసుకున్నాం కదండీ. ఏం తక్కువ చేశాం? ఆ చీనాది ఏదో చెప్పి మనసు విరిచేసింది. దానంతట అది వెళ్ళే పిల్ల కాదు." ఆ తరువాత ఆ పేరు ఇంట్లో వినపడలేదు. చిన్నత్త అరణం లేకుండానే అత్తవారింటికి వెళ్ళింది, ఆ మాట జీవితాంతం పడింది. మేం అక్కడినుంచి ఇల్లు మారాం, మళ్ళీ మారాం. ఈ దేశం ఎంత? ఒక చివర రైలెక్కితే గంటలో ఇంకో చివర దిగుతాం. ఇంత చిన్నచోట ఒక జీవితకాలం మేమిద్దరం ఎదురుపడలేదు. వస్తుందని నేను చూశాను. నా పెళ్ళికి వస్తుందనుకున్నాను. మా అమ్మ పోయినప్పుడు గుడారం అంచు దగ్గర ఎవరో నల్లగా నిటారుగా నిలబడితే లేచి వెళ్ళాను కూడా. ఆమె కాదు.

యీషున్‌నుంచి పాయా లేబర్‌లో మా ఫ్లాటుకు వచ్చిన సాయంత్రం, నా మనవరాలు మేఘన భోజనాల బల్ల నిండా పుస్తకాలు పరుచుకుని ఉంది. జూనియర్ కాలేజీ, చరిత్ర పాఠం. అమెరికా కొత్తగా దేశమైన రోజులు, అక్కడి నల్లవాళ్ళ బానిసత్వం మీద వ్యాసం రాయాలట. నా ముఖం చూసి ఏమైందంటే, మల్లి గురించి కొంచెం చెప్పాను. అది పెన్ను కింద పెట్టేసింది.

"నానమ్మా, వెయిట్, వెయిట్. మన ఫ్యామిలీకి కూడా స్లేవ్స్ ఉన్నారా?"

"బానిసలేమిటి? మనవాళ్ళు ఎవరినీ కొనలేదు, అమ్మలేదు."

"దెన్ హౌ షి కమ్?"

"అరణంగా వచ్చింది. మా అమ్మ పెళ్ళికి. పుట్టింటివాళ్ళు పంపిస్తారు."

"లైక్ ఫ్రిజ్ లా?"

చెయ్యి లేచింది గాని దించేశాను. అది ఎగతాళికి అనలేదు. దానికి తెలిసిన పెళ్ళి సామాన్లలో అంత పెద్దది అదే. తరువాత అది ఒక పేజీ తీసి, తనకు వచ్చిన తెలుగులో చెప్పుకుంటూ పోయింది. ఆ కొత్త దేశంలో అందరికన్నా పెద్ద ఇంట్లో, మనుషులందరూ సమానంగా పుట్టారని ప్రకటించుకున్న దేశానికి మొదటి ప్రెసిడెంటైన ఆయన ఇంట్లోనే, దొరసానికి జడ వేసి బట్టలు కట్టే ఒక నల్లపిల్ల ఉండేదట. దొరసాని ఆ పిల్లను తన మనవరాలికి పెళ్ళి కానుకగా ఇద్దామనుకుందట. ఆ సంగతి తెలిసి, ఇంట్లోవాళ్ళు భోజనం చేస్తుండగా ఆ పిల్ల నడిచి వెళ్ళిపోయి ఓడెక్కిందట. పత్రికలో ప్రకటన వేశారు, మనుషుల్ని పంపారు. సొంతబిడ్డలా చూసుకున్నామని, ఎవడో మాయమాటలు చెప్పి తీసుకుపోయాడని ఆ ఇంటివాళ్ళు నమ్మారట. ఆమె ఎక్కడో చలి ఊళ్ళో పేదగా బతికింది, మొగుణ్ణీ పిల్లల్నీ పోగొట్టుకుంది, చట్టం లెక్కలో చచ్చేదాకా వాళ్ళ సొత్తుగానే ఉంది. అయినా తిరిగి వెళ్ళలేదు. "ఇంకోటి నానమ్మా," అంది మేఘన. "మాస్టర్స్ వాళ్ళకి రోమన్ ఎంపరర్స్ పేర్లు పెట్టేవాళ్ళట, జస్ట్ ఫర్ ఫన్. ఫ్రీ అవ్వగానే చాలామంది ఫస్ట్ థింగ్ అది తీసేసి, వాళ్ళ ఓన్ నేమ్ పెట్టుకున్నారు. మీ మల్లి ఆంటీ కూడా అంతే కదా?"

సముద్రాల అవతల, తెల్లవాళ్ళ ఇంట్లో, మా అమ్మ అన్న మాటే మా అమ్మకన్నా ఎంతో ముందు ఎవరో అని ఉన్నారు. కూతురిలా చూసుకున్నాం. మా ఇంటి మర్యాద మా ఒక్కరిదే అనుకున్నాను. ఇవాళ మా బ్లాకులో కూడా ఇండోనీషియా పిల్లలు, బర్మా పిల్లలు ముసలివాళ్ళ చక్రాల కుర్చీలు తోస్తుంటారు. ఆదివారం వాళ్ళకు సెలవు, గడ్డి మీద చాపలు వేసుకుని ఫోన్లలో ఊరితో మాట్లాడుకుంటారు. మా అంతస్తులో ఒకావిడ ఆ సెలవు కూడా ఇవ్వదు, "షి ఈజ్ లైక్ మై డాటర్, షి డోంట్ వాంట్" అంటుంది. కాలం ఎంత మారింది, ఎంత మారలేదు అని కొలిచేటంత తెలివి నాకు లేదు. నా కొలత చిన్నది. ఆ పిల్ల తనది కాని బిడ్డను లేపి, ముద్దపెట్టి, పక్కన పడుకుని, తన పేరుతో పిలిచింది. అందులో నాకు ఏమైనా ఉందా? ఆమె రోడ్డు దాటినప్పుడు నన్ను కూడా వదిలించుకోవలసిన వాటిలో ఒకటిగానే వదిలించుకుందా? అది తెలియకుండా చచ్చిపోవడం నా వల్ల కాదనిపించింది.

పదకొండో రోజు దాటాక యీషున్ వెళ్ళాను. పదో అంతస్తులో చిన్న ఫ్లాటు. గోడ మీద మల్లి ఫోటో, దండ, పక్కన గోనె పట్టా మోసిన ఆ మనిషి ఫోటో. ఇద్దరూ వరసగా తలెత్తి చూస్తున్నారు. కమల కాఫీ తెచ్చింది. "కూర్చోండి ఆంటీ. చక్కెర తక్కువేశాను, ఓకేనా?" కాసేపు ఊరూ పేరూ మాట్లాడుకున్నాం. రేవు దగ్గర్నుంచి వచ్చాక వాళ్ళమ్మ కొన్నాళ్ళు కక్క గదిలో తలదాచుకుందట. తరువాత గుళ్ళో పెళ్ళి. బట్టలు ఉతికింది, కట్టడాల దగ్గర ఇసుక మోసింది. ఐసీ తీసుకునేటప్పుడు ఆఫీసులో పేరడిగితే, మొదటిసారి నలుగురిలో సుభద్ర అని చెప్పిందట. "నాన్న జోక్ చేసేవాడు ఆంటీ, పెళ్ళాన్ని ఒక పేరుతో తెచ్చుకుంటే ఇంకో పేరుతో వచ్చింది, ఎక్స్‌చేంజ్ చేసేశారేమో అని." నవ్వింది. తరువాత నవ్వు ఆగింది.

"ఆంటీ, ఒకటి అడగనా? ఆ రోజునుంచీ అడగాలనే."

"అడుగమ్మా."

"అమ్మ లాస్ట్ టూ ఇయర్స్ ఎవర్నీ గుర్తుపట్టలేదు. నన్ను కూడా నర్స్ అనుకునేది. నేనే కదా అన్నీ చేసేదాన్ని... స్నానం, డయపర్, అన్నీ. ఒక్కసారి కూడా కమలా అనలేదు. కానీ పొద్దున్నే కళ్ళు మూసుకునే చెయ్యి ఇలా మంచం పట్టీ మీద పెట్టి, చిన్నగా పిలిచేది. నెగమ్మా సుభద్రా, బడికి యేళయిపోనాది. డైలీ. డాక్టర్ అన్నాడు, ఓల్డ్ పీపుల్ తమ పేరే పిలుచుకుంటారు, పట్టించుకోవద్దని. నేనూ అదే అనుకున్నా. కానీ అమ్మ స్కూల్‌కే వెళ్ళలేదు కదా? మొన్న మీరు మీ పేరు చెప్పినప్పటినుంచీ నాకు నిద్ర లేదు." కమల నా ముఖంలోకి చూసింది. "మిమ్మల్నేనా ఆంటీ?"

నేను వచ్చింది ఆ ఒక్క మాట కోసమే. అడగకుండానే నా చేతికి వచ్చింది. అది నన్నే. తెల్లవారకముందే, మా అమ్మ లేవకముందే, నా బుగ్గ మీద చల్లటి వేళ్ళతో ఆ మాటలే, ఆ వరసలోనే. ఇంత జీవితం గడిచి, మొగుణ్ణీ కూతుర్నీ మరిచిపోయి, ఆమె దగ్గర మిగిలింది అది. నాకు లేచి ఆ ఫోటో ముందు నేల మీద పడి ఏడవాలనిపించింది. ఎదురుగా కమల కూర్చుని ఉంది. రెండేళ్ళపాటు రోజూ పొద్దున్న తల్లి మంచం పక్కన నిలబడి, తనది కాని పేరు విన్న కూతురు. ఆమె కప్పు పట్టుకున్న చేతులు వాళ్ళమ్మవే. మేం ఒక తల్లిని ఒకసారి ఈ పిల్ల పుట్టకముందే వాడేసుకున్నాం. చివర మిగిలింది కూడా నేనే పట్టుకుపోనా?

"కాదమ్మా," అన్నాను. గొంతు వణకలేదు, మా ఇంటి చదువు అందుకు పనికొచ్చింది. "మా ఇంట్లో నన్ను ఆ పేరుతో ఎవరూ పిలిచేవారు కాదు. నానమ్మ పేరు కదా, అనకూడదు. అందరూ అమ్మడూ అనేవారు. మీ అమ్మా అంతే."

"మరి స్కూల్?"

"నేను పలకా పుస్తకం పట్టుకుని వెళ్తుంటే రోజూ మెట్ల మీద నిలబడి చూసేది. తనకూ చదువుకోవాలని ఉండి ఉంటుంది. చిన్నప్పుడు తననూ ఎవరైనా అలా పేరు పెట్టి, బడికి వేళయిందని లేపితే బాగుండునని అనుకునేదేమో. ఎవరూ లేపలేదు. చివరికి తనే లేపుకుంది."

కమల ఫోటో వైపు తిరిగింది. "అవును లా," అంది. "అదే అయ్యుంటుంది. పాపం అమ్మ." కొంగుతో ముఖం కప్పుకుని, ఈ పదకొండు రోజులూ దాచుకున్నదంతా ఒక్కసారిగా ఏడ్చింది. నేను ఆమె వీపు మీద చెయ్యి వేసి కూర్చున్నాను. వెళ్ళేటప్పుడు లిఫ్టు దాకా వచ్చింది. "మళ్ళీ రండి ఆంటీ, అమ్మ గురించి చెప్పడానికి ఇంకెవరున్నారు?" అంది. వస్తానన్నాను.

లిఫ్టు తలుపులు మూసుకున్నాక, ఇప్పుడు ఏడవవచ్చు అనుకున్నాను. కమలకు చెప్పిన అబద్ధాన్ని మళ్ళీ ఒకసారి మొదటినుంచి తలుచుకున్నాను. చీకట్లో ఒక పిల్ల, తన పేరు పెట్టుకున్న ఇంకో పిల్ల మీదికి వంగి, ఎవరూ వినకుండా, లే, నీకు బడికి వేళయింది అంటోంది. లిఫ్టు ఒక్కొక్క అంతస్తే దిగుతోంది. ఎంత తలుచుకున్నా నేను చెప్పింది అబద్ధంలా కనబడలేదు.